తారు అంటని దారులు

2024 జులై 7న టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పోటీలో తొమ్మిదో రోజు పందెం త్ర్వా పట్టణంలో మొదలై మళ్లీ త్ర్వాలోనే ముగిసింది. మొత్తం 199 కిలోమీటర్లు. అందులో 32 కిలోమీటర్ల పైచిలుకు, 14 ముక్కలుగా, ద్రాక్షతోటల మధ్య తెల్లటి కంకర బాటలు. ముందంజలో ఉన్నవాడికిచ్చే పసుపు చొక్కాలో ఉన్న పొగాచార్ మొదలుకొని చిట్టచివరి ఆటగాడి వరకు అందరూ సున్నపురాతి దుమ్ములో మునిగి తేలారు. చివరికి అంతోనీ తుర్జిస్ అనే ఫ్రెంచి ఆటగాడు గెలిచాడు. టీవీ ముందు కూర్చున్నవాళ్లకు ఇదేదో కొత్త ప్రయోగంలా కనిపించి ఉంటుంది. అసలు సంగతేమిటంటే 1903లో ఈ పందెం పుట్టినప్పుడు దారిలో చాలావరకు ఉన్నది ఇలాంటి దుమ్మే. అప్పట్లో ఫ్రాన్సులో పట్టణాల బయట తారు రోడ్డు అనదగ్గది దాదాపు లేదు.

ఇప్పుడు గ్రావెల్ సైకిల్ అని పిలుస్తున్న బండి చూడటానికి పందెం సైకిల్‌లాగే ఉంటుంది. కిందికి వంగిన హ్యాండిల్ అదే, తేలికైన చట్రం అదే. టైర్లు మాత్రం 40 నుంచి 50 మిల్లీమీటర్ల వెడల్పు, గేర్లు నిట్టనిలువు ఎక్కుడుకు సరిపోయేటంత తేలిక. దాని మీద తారు వదిలేసి పొలాల్లోకి, అడవిలోకి, కాలవ గట్టు మీదికి దిగిపోవచ్చు. ఆటకు పేరు పెట్టింది అమెరికావాళ్లు. కాన్సస్ రాష్ట్రంలో ఎంపోరియా చుట్టూ ఉన్న చెకుముకిరాతి బాటల మీద 2006లో మొదలైన పెద్ద పందెం దానికి ఊపు తెచ్చింది. ఆ ఘనత వాళ్లకు ఇవ్వాల్సిందే. అయితే ఈ సవారీకి కావలసిన సరంజామా చూస్తే కథ చాలా వెనక్కి పోతుంది. వానకు కరగని కంకర బాట కావాలి. రాళ్లను మింగే లావు టైరు కావాలి. ఎక్కుడులో కాలు నిలబెట్టే గేరు కావాలి. ఆ బాట మీద ఎవరైనా, ఎవరినీ అడక్కుండా వెళ్లే హక్కు కావాలి. ఈ నాలుగూ చాలావరకు ఫ్రాన్సు పల్లెల్లోనే రూపుదిద్దుకున్నాయి. వాటిని తయారుచేసినవాళ్లలో చాలామందికి ఒకరి ఊసు ఒకరికి తెలియదు. అన్నిటిలోకీ ఆఖరిదే ముఖ్యమైనదనీ, దాని గురించే మనం తక్కువగా మాట్లాడుకుంటామనీ నా నమ్మకం.

ముందు బాట సంగతి చూద్దాం.

పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రాన్సులో పెద్ద రోడ్లను రైతుల వెట్టిచాకిరీతో వేయించేవారు. ఏడాదికి రెండు విడతలు, వసంతంలో ఒకటి, ఆకురాలే కాలంలో ఒకటి. ఊళ్లకు ఊళ్లు తరలివచ్చి కూలీ నాలీ లేకుండా రాళ్లు మోసి పోయాలి. పోసి వెళ్లిపోయాక మళ్లీ విడత వచ్చేదాకా ఆ రోడ్డును పట్టించుకునే నాథుడు ఉండడు. గుంట పడితే పడినట్టే. అందుకని ఇంజనీర్లు మందాన్ని నమ్ముకున్నారు. నడిమధ్య అడుగున్నర ఎత్తున రాళ్లు పోయించి, ఆర్నెల్లు ఎలాగోలా నిలబడితే చాలనుకునేవారు. నిలబడేది కాదు. పెద్ద రాళ్లు పైకి తేలేవి, మధ్యలో నీళ్లు నిలిచేవి, ఇరుసుదాకా దిగబడిన బండ్లను ఎద్దులతో లాగించేవారు.

1764 ప్రాంతంలో లిమోజ్ సీమలో ఇంజనీరుగా ఉన్న పియెర్ ట్రెజాగే ఈ లెక్కను తిరగేశాడు. ఆ లిమూజాన్ ప్రాంతం కొండల సీమ, బీద సీమ, వానల సీమ. అక్కడి రాజప్రతినిధి టుర్గో, తరవాత దేశ ఆర్థిక మంత్రి కూడా అయ్యాడు. వెట్టి తీసేసి, దాని బదులు పన్ను వసూలుచేసి, ఆ డబ్బుతో కూలి ఇచ్చి రోడ్లు వేయించాలన్నది ఆయన పట్టుదల. ఊరికే వచ్చే చాకిరీకి లెక్కాజమా ఉండదు. డబ్బిచ్చి చేయించే పనిలో ప్రతి బండెడు రాయికీ లెక్క చెప్పాలి. ట్రెజాగే రాతి మందాన్ని సుమారు పది అంగుళాలకు దించాడు. పై తలం ఎలా ఉబ్బెత్తుగా వంగి ఉంటుందో అడుగు నేలను కూడా అలాగే వంపుగా చెక్కించాడు, దిగిన నీరు పక్కలకు జారిపోయేలా. అడుగున పెద్ద రాళ్లను నిలువుగా పేర్పించి, వాటి మీద చిన్న రాళ్లను సుత్తెలతో కొట్టి బిగించాడు. అన్నిటికన్నా పైన మూడు అంగుళాలు, ఆ చుట్టుపక్కల దొరికే వాటిలోకెల్లా గట్టి రాయిని ఏరి, అక్రోటు కాయంత ముక్కలుగా పగలగొట్టించి పరిపించాడు. ఆ పై పొరే ఈనాడు మన సైకిల్ చక్రం కింద కరకరలాడేది.

1775లో ఆయన రాసిన నివేదికలో దీనికన్నా గొప్ప ఆలోచన ఇంకొకటి ఉంది. ఇంత పలచటి రోడ్డు నిలవాలంటే గుంట పడిన రోజే పూడ్చాలి, అందుకు ప్రతి ముక్కకూ ఏడాది పొడవునా జీతానికి ఒక మనిషి ఉండాలి అన్నాడు. అలా వచ్చినవాడే కాంటోనియే. పార, సుత్తె, తోపుడుబండి పెట్టుకుని తన వంతు రోడ్డును కనిపెట్టుకుని ఉండే మనిషి. తరవాతి నూరేళ్లలో ఫ్రెంచి పల్లెల్లో మాస్టారు ఎంత ఎరికైనవాడో కాంటోనియే అంత ఎరికైనవాడు అయ్యాడు. ఆ తరవాత స్కాట్లండువాడు మెకాడమ్ అడుగు బండరాళ్లు కూడా అక్కర్లేదని తేల్చాడు. ఫ్రాన్సు ఆ మాటనూ ఒప్పుకుంది. అయితే మనిషిని పెట్టి రోడ్డును బతికించుకోవాలన్న పద్ధతి లిమోజ్‌లో కుదిరింది.

ఇదంతా పెద్ద రోడ్ల ముచ్చట. ఊరికీ ఊరికీ మధ్య చిన్న దారుల తలరాత మార్చింది 1836 మే 21 నాటి చట్టం. దాని ప్రకారం ఊళ్లను కలిపే దారులను బాగుచేయడం ప్రతి గ్రామ మునిసిపాలిటీ తప్పనిసరి బాధ్యత. డబ్బు లేకపోతే ఒంట్లో సత్తువ ఉన్న మగవాళ్లు ఏడాదికి మూడు రోజుల వరకు పనిచేయాలి, లేదా ఆ మేరకు డబ్బు కట్టాలి. జిల్లాకో దారుల అధికారి. ఈ చట్టం పుణ్యమా అని పందొమ్మిదో శతాబ్దం ముగిసేసరికి చాలా మూల పల్లెలకు కూడా బండి పోయే రాతి బాట పడింది. పాలు, ద్రాక్షసారా, బడి పిల్లలు, పెళ్లి బండ్లు అన్నీ దాని మీదే. సైకిల్ పుట్టేనాటికి దాని కోసం దేశమంతా బాటలు సిద్ధంగా ఉన్నాయి. ఎవరూ దాని కోసం వేయలేదు, అంతే.

సైకిల్ వచ్చింది, దానితోపాటు పంక్చరూ వచ్చింది. సైకిల్ గాలి టైరు ఐర్లండులో డన్‌లప్ చేతిలో పుట్టింది, కానీ అది చక్రానికి బంకతో అతికించి ఉండేది. క్లెర్మో ఫెరాన్‌లో రబ్బరు కార్ఖానా నడుపుతున్న ఎదువార్ మిషెలిన్ దగ్గరికి ఒకడు అలాంటి టైరు పట్టుకొచ్చాడు. ఊడదీసి అతుకువేయడానికి కొన్ని గంటలు, బంక ఆరడానికి ఒక రాత్రి. తీరా మర్నాడు ఎక్కి చూస్తే కొద్ది దూరంలోనే మళ్లీ గాలి పోయింది. కంకర రోడ్డు మీద ఇది కుదరదని మిషెలిన్‌కు అర్థమైంది. చక్రం నుంచి ఊడదీసి తేలిగ్గా మార్చుకునే టైరును 1891లో తెచ్చాడు. ఆ సెప్టెంబరులోనే పారిస్ నుంచి పడమటి కొసన ఉన్న బ్రెస్ట్ దాకా వెళ్లి తిరిగివచ్చే పందెం మొట్టమొదటిసారి జరిగింది. సుమారు 1,200 కిలోమీటర్లు, అంతా రాతిబాట. షార్ల్ తెర్రోన్ ఆ కొత్త టైర్లతో, నిద్ర లేకుండా, 71 గంటల చిల్లరలో గెలిచి చూపించాడు. ఈనాటి ఏ గ్రావెల్ పందేనికీ ఆ పందెం తీసిపోదు.

ఇక ఈ కథలో నాకు అందరికన్నా ఇష్టమైన మనిషి దగ్గరికి వస్తున్నాను. పేరు పోల్ ద వివీ. 1853లో దక్షిణాన పెర్న్ అనే ఊళ్లో పుట్టాడు. బొగ్గు గనులకూ, తుపాకులకూ, పట్టు రిబ్బన్లకూ పేరున్న సెంత్ ఎతియెన్ పట్టణంలో పట్టు వ్యాపారం చేశాడు. ముప్పై ఏళ్లు నిండే వేళకు సైకిల్ పిచ్చి పట్టింది. వ్యాపారం వదిలేసి సైకిళ్ల దుకాణం పెట్టాడు, 1887లో పత్రిక పెట్టాడు. 'వెలోసియో' అన్న కలం పేరుతో రాస్తూ ఆ పేరే మిగిలిపోయాడు. మాంసం ముట్టడు, ఎస్పెరాంటో మాట్లాడతాడు, ఈస్టరు పండక్కి స్నేహితులను పోగేసుకుని రాత్రికి రాత్రి ప్రొవాన్స్ దిక్కుగా తొక్కుకుంటూ పోతాడు.

సెంత్ ఎతియెన్ దాటితే 1,161 మీటర్ల ఎత్తున రిపబ్లిక్ కనుమ ఉంది. అదే ఆయన ప్రయోగశాల. ఒకే గేరున్న బండితో దాన్ని ఎక్కాలంటే మోకాళ్లు అరగాలి, దిగేటప్పుడు కాళ్లు గాలిలో గిరగిర తిరగాలి. ఒకే సైకిల్‌కు రెండు మూడు గేర్లు ఎందుకు ఉండకూడదన్న ప్రశ్నతో ఆయన చైను పళ్లచక్రాలు జంటగా బిగించాడు. చైనును చేత్తో ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి మార్చాడు. ఆ తరవాత కదులుతూండగానే మార్చే సాధనాలను ఊరి పనివాళ్లతో కలిసి చెక్కించాడు, కనుమ మీద పరీక్షించాడు, ఫలితాలు పత్రికలో అచ్చువేశాడు. ఒక్క పేటెంటు గొడవలోనూ తల దూర్చలేదు. ఎవరు వాడుకున్నా సంతోషమే. పందెం నిర్వాహకులకు మాత్రం ఇది నచ్చలేదు. టూర్ ద ఫ్రాన్స్‌ను పుట్టించిన ఆన్రీ దెగ్రాంజ్ 1902లోనే, గేర్లు మార్చే బండ్లు నలభై అయిదు దాటినవాళ్లకే పనికొస్తాయని, కండబలంతో గెలవడమే గెలుపని రాశాడు. ఆ పట్టుదల ఎంతదాకా వెళ్లిందంటే టూర్‌లో గేరు మార్చే సాధనాన్ని అనుమతించింది 1937లో. అప్పటికి వెలోసియో చనిపోయి ఏడేళ్లు.

టైరు విషయంలోనూ ఆయనది ఎదురీతే. సన్నటి గట్టి టైరు వేగంగా పోతుందని లోకం నమ్మింది. వెడల్పుగా, మెత్తగా, గాలి తక్కువగా ఉన్న టైరు కంకర మీద ఒంటిని కుదపదని, కుదుపులో పోయే సత్తువ మిగిలి దూరం కలిసొస్తుందని ఆయన అనుభవంతో చెప్పాడు. ఆయన శిష్యులు, సైకిల్ మీద దేశం తిరిగే యాత్రికులు, ఆ మాట పట్టుకున్నారు. వాళ్ల కోసం ఫ్రెంచి టైరు కంపెనీలు ఒక కొలత స్థిరపరిచాయి. టైరుతో కలిపి చక్రం వ్యాసం సుమారు 650 మిల్లీమీటర్లు, అంచు 584. దాన్ని 650బి అంటారు. 1930ల నుంచి యాత్రికుల సంఘాలు సైకిల్ తయారీదారులకు పోటీలు పెట్టాయి. కావాలని అధ్వాన్నపు కొండ బాటలు ఎంచుకుని, వాటి మీద తొక్కించి, ఏ భాగం విరిగినా, వదులైనా మార్కులు కోసేవారు. రెనె ఎర్స్, అలెక్స్ సింజే వంటి పనివాళ్ల పేరు మోగింది ఆ కాలంలోనే. ఈనాటి గ్రావెల్ సైకిల్ పక్కన ఆనాటి బండిని నిలబెడితే, డిస్కు బ్రేకులూ కార్బన్ చట్రమూ తప్ప తేడా అంతగా కనిపించదు.

మరి ఇంత చక్కటి సంప్రదాయం మధ్యలో ఎందుకు తెగిపోయింది? దుమ్ము వల్ల. మోటారు కార్లు వచ్చి రాతిబాట పై పొరను పీల్చి ఎగరగొట్టడం మొదలుపెట్టాయి. కాంటోనియే సుత్తె దానికి చాలలేదు. మొనాకోలో ఉంటున్న స్విట్జర్లండు డాక్టరు గుల్యెల్మినెట్టిని అక్కడి రాజు ఆల్బర్ట్ దీనికి మందు చెప్పమన్నాడు. డాక్టరు అంతకుముందు డచ్చి తూర్పుదీవుల్లో పనిచేశాడు, అక్కడ ఆసుపత్రుల నేలకు తారు పూయడం చూశాడు. 1902లో మొనాకో వీధిలో ఒక చిన్న ముక్కకు వేడి తారు పూయించాడు. దుమ్ము అణిగింది. జనం ఆయన్ను తారు డాక్టరు అని పిలుచుకున్నారు. 1908లో రోడ్ల మీద తొలి ప్రపంచ సభ పారిస్‌లో జరిగింది. అక్కడినుంచి తారు ఆగలేదు. రోడ్లు రెండు జాతులుగా చీలిపోయాయి. కార్లు పోయేవి నల్లబడ్డాయి, మిగిలినవి తెల్లగానే ఉండిపోయాయి. సైకిళ్లు నల్లవాటి వెంట వెళ్లిపోయాయి, టైర్లు సన్నబడ్డాయి.

మధ్యలో ఒక చిన్న మెరుపు మెరిసింది. 1951 నుంచి 1956 దాకా పారిస్ శివార్లలో ఓ ఇరవైమంది కుర్రాళ్లు వెలో క్రాస్ క్లబ్ అని పెట్టుకుని, 650బి సైకిళ్లకు మోపెడ్ల స్ప్రింగులు బిగించి గుంటల్లో, దిబ్బల్లో తొక్కారు. కాలిఫోర్నియావాళ్ల కొండ సైకిల్‌కు ఇరవై ఏళ్ల ముందు మాట. కుర్రాళ్లు పెద్దవాళ్లయ్యారు, క్లబ్బు మూతపడింది, ఆ సైకిళ్లను కొనే కంపెనీ రాలేదు.

తెల్లగా మిగిలిన దారులకు అసలు గండం తరవాత వచ్చింది. యుద్ధానంతరం ఫ్రాన్సు ప్రభుత్వం చిన్న చిన్న కమతాలను కలిపి పెద్ద పొలాలు చేసే కార్యక్రమం భారీగా నడిపింది. ట్రాక్టరు తిరగాలంటే గట్టు ఉండకూడదు, పొద కంచె ఉండకూడదు, మధ్యలో బాట అసలే ఉండకూడదు. 1950 తరవాత దేశంలోని పొద కంచెల్లో సుమారు 70 శాతం పోయాయి. కంచెలతోపాటు వాటి నడుమ పల్లంగా, చెట్ల గొడుగు కింద సాగే నార్మండీ, బ్రిటనీ బాటలు కూడా దున్నకంలో కలిశాయి.

దానికి తోడు చట్టం. 1959 జనవరి 7 నాటి ఆదేశం ఊరి దారులను రెండుగా విడదీసింది. మునిసిపాలిటీ రోడ్లుగా నమోదైనవి ప్రజల ఆస్తి, వాటిని ఎవరూ కాజేయలేరు. నమోదు కానివి 'గ్రామీణ బాటలు'. మన ఊళ్లలో డొంక, పుంత అని రెవెన్యూ పటంలో చూపించే వాటికి ఇవి దగ్గర. ఎవరైనా నడవొచ్చు, కానీ అవి గ్రామ మునిసిపాలిటీ సొంత ఆస్తి కింద లెక్క. అంటే జనం వాడటం మానేస్తే అమ్మేయొచ్చు. ఇంకా ఘోరం, పక్క రైతు దాన్ని దున్నేసుకుని ముప్పై ఏళ్లు ఎవరూ అడక్కుండా అనుభవిస్తే అది అతనిదే. ట్రెజాగే సుత్తె, 1836 నాటి మూడు రోజుల చాకిరీ, తరాల బండ్ల రాకపోకలు, ఇవన్నీ నాగలి కింద నిశ్శబ్దంగా మాయమవడానికి ముప్పై ఏళ్లు సరిపోతాయన్నమాట.

వీటిని నిలబెట్టినవాళ్లు కాలినడక మనుషులు. ఇందులో మొదటి పేరు క్లోద్ ఫ్రాన్స్వా దెనెకూర్ అనే నెపోలియన్ కాలపు సిపాయి. ఉద్యోగం పోయాక ఫోంతెన్‌బ్లో అడవిలో సొంత డబ్బుతో బాటలు కొట్టి, 1842లో చెట్ల మీద, బండల మీద నీలి బాణాలు వేసి దారి చూపాడు. వందేళ్ల తరవాత జాన్ ల్వాజో అనే వాస్తుశిల్పి దేశమంతా అల్లుకునే దూరపు నడకదారులను ఊహించాడు. 1947లో సంఘం ఏర్పడింది. ఆ ఏడే లువార్ నది వెంట ఓర్లెయాన్ నుంచి బోజాన్సీ దాకా మొదటి ముక్కకు తెలుపు మీద ఎరుపు కిందగా రెండు గీతలు పడ్డాయి. ఇవాళ ఫ్రాన్సులో ఏ అడవిలో దారి తప్పినా కళ్లు వెతికేది ఆ రెండు గీతలనే. వాటికి రంగు వేసేది జీతగాళ్లు కాదు, చుట్టుపక్కల ఊళ్ల స్వచ్ఛంద సేవకులు. 1983లో చట్టమూ మారింది. ప్రతి జిల్లా తన నడకదారుల పట్టిక తయారుచేయాలి, ఆ పట్టికలో ఎక్కిన గ్రామీణ బాటను బదులు దారి చూపకుండా అమ్మడానికి వీల్లేదు.

ఇంతలో సైకిళ్లూ తిరిగివచ్చాయి. 1984లో బ్రిటనీ కొసన జాన్ పోల్ మెల్లుయె అనే ఆయన బ్రెతోన్ భాషలో చదువుచెప్పే దివాన్ బడులకు డబ్బు పోగుచేయాలని ఒక పందెం పెట్టాడు. పేరు త్రో బ్రో లెయోన్. ఆటగాళ్లను పొలాల మధ్య బాటలు పట్టించాడు. బ్రెతోన్ ఆటగాళ్లలో ముందొచ్చినవాడికి ఈనాటికీ బహుమతి పందిపిల్ల. భాషను బతికించుకోవాలన్న తపన బాటనూ బతికించింది, నాకు ఈ కథలో మనసుకు హత్తుకున్న మలుపు ఇదే. 2018 నుంచి పారిస్-తూర్ పందెం కూడా ద్రాక్షతోటల దారుల్లోకి మళ్లింది.

పాత రైలు మార్గాలది ఇంకో పాయ. 1879లో మంత్రి ఫ్రెసినె పథకం కింద మారుమూల పట్టణాలకు రైలు వేశారు. బస్సులూ కార్లూ వచ్చాక వాటిలో చాలా మూతపడ్డాయి. బర్గండీలో జివ్రీ నుంచి క్లూనీ దాకా మూతపడిన ఒక మార్గం మీద పట్టాలు పీకేసి 1997లో సైకిళ్లకు, నడకకు తెరిచారు. ఆవిరి ఇంజను కోసం వేసిన దారి కాబట్టి నిలువు ఎక్కుడు ఉండదు, పిల్లలూ ముసలివాళ్లూ కూడా తొక్కగలరు.  ఆ తరహా దారులు ఇప్పుడు దేశమంతా ఉన్నాయి, చాలావాటి మీద పరిచింది సన్న కంకరే.

టైరు మాత్రం సముద్రం దాటివెళ్లి రావలసి వచ్చింది. 1980లు, 90ల నాటికి 650బి కొలత ఫ్రాన్సులోనే అరుదైపోయింది. అమెరికాలోని సియాటిల్‌లో జాన్ హైన్ అనే పత్రికా సంపాదకుడు పాత ఫ్రెంచి యాత్రా సైకిళ్ల వెంటపడ్డాడు. 2002లో పెట్టిన తన పత్రికలో టైర్ల మీద పరీక్షలు జరిపి, గరుకు రోడ్డు మీద వెడల్పాటి మెత్తని టైరు నెమ్మదించదని కొలిచి చూపించాడు. వెలోసియో చెప్పినదే, ఈసారి అంకెలతో. హైన్ పెట్టిన టైర్ల కంపెనీ ఇప్పుడు నడుస్తున్నది రెనె ఎర్స్ పేరు మీదే. గ్రావెల్ సైకిళ్లు వచ్చాక 650బి వాటికి ఒక ప్రామాణిక కొలత అయింది, అలా పుట్టింటికి తిరిగొచ్చింది.

బండి, బాట సిద్ధమయ్యాక మిగిలింది దారి కుదర్చడం. ఇది కూడా ఒక ఆవిష్కరణే, ఇప్పటికీ జరుగుతూనే ఉంది. ఫ్రెంచి జాతీయ భౌగోళిక సంస్థ పటం 25 వేలకు ఒకటి కొలతలో ఉంటుంది. పొలం బాట సన్నని నల్లగీత, కాలిబాట తెగిన గీత. 2006లో ఆ పటాలను ప్రభుత్వమే ఇంటర్నెట్‌లో పెట్టింది. వాటి మీద పద్దెనిమిదో శతాబ్దపు కస్సీనీ పటాన్ని పరిచి చూసుకోవచ్చు. ఆ పాత పటంలోనూ ఈ కొత్త పటంలోనూ ఒకే గీత కనిపించిందంటే ఆ బాటకు రెండున్నర వందల ఏళ్లు. దారి కుదిర్చేవాళ్లు ఆ గీతలను ఒకదానికొకటి ముడివేస్తారు. తరవాత వెళ్లి తొక్కి చూస్తారు. తీగ కంచె అడ్డొచ్చినచోట, వాగు కోసేసినచోట వెనక్కి తిరిగివచ్చి గీత మారుస్తారు. తెరమీద గీసిన దారి నేలమీద సగమే నిజం.

అలా కుదిరిన దారుల్లో నన్ను అడిగితే మధ్య ఫ్రాన్సులోని ఎత్తుసీమ మాసిఫ్ సాంత్రాల్ పొడవునా సాగేదే తలమానికం. ఉత్తరాన మోర్వాన్ అడవుల దగ్గర బయలుదేరి మధ్యధరా సముద్రం దాకా వస్తుంది. మోర్వాన్‌లో చక్రం కింద గ్రానైటు పొడి, వాన పడ్డా జారదు. అక్కడి కలపను శతాబ్దాలపాటు వాగుల్లో తేల్చి పారిస్ పొయ్యిలకు పంపారు, అడవి బాటలు చాలావరకు ఆ కలప బండ్లవి. ఓవెర్న్‌లో చల్లారిన అగ్నిపర్వతాల నల్లరాయి. కోస్ పీఠభూముల మీదికి వస్తే తెల్ల సున్నపురాయి, నీటిచుక్క నిలవదు, ఎండాకాలంలో రెండు సీసాలు చాలవు. సెవెన్ కొండల్లో గొర్రెల మందలు వేసవి మేతకు పైకి ఎక్కే బాటలు, ద్రాయ్ అంటారు, కొన్ని రోమన్ల కన్నా పాతవని చెబుతారు. ఆ మేత సంస్కృతికే 2011లో యునెస్కో గుర్తింపు ఇచ్చింది. రాయి మారినప్పుడల్లా ఇళ్ల గోడలు, జున్ను రుచి, మాటల యాస అన్నీ మారతాయి. గంటకు పదిహేను కిలోమీటర్ల వేగంలో ఆ మార్పు తెలుస్తుంది, కారులో తెలియదు.

వెళ్లేవాళ్లకు తెలియాల్సిన సంగతులు కొన్ని. పల్లెల్లో మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా దుకాణాలు మూస్తారు, సోమవారం చాలా రొట్టె దుకాణాలు తెరవనే తెరవరు. నీళ్లకు ఊరి శ్మశానమే దిక్కు. పూలకుండీల కోసం అక్కడ కుళాయి ఉంటుంది, తాగకూడని నీళ్లయితే బోర్డు ఉంటుంది. శరత్కాలం నుంచి చలికాలమంతా వేట సాగుతుంది. దారి పక్కన వేట జరుగుతోందన్న పలక కనిపిస్తే ఎర్ర చొక్కా వేసుకున్నా సరే, వేరే దారి పట్టండి. పశువుల కంచె తలుపు ఎలా ఉందో అలాగే వదిలి వెళ్లాలి.

చివరగా హక్కు సంగతి. ఒక బాట ప్రజలదా కాదా అన్న తగాదా వస్తే ఫ్రెంచి గ్రామీణ చట్టం ముఖ్యంగా చూసేది, జనం దాని మీద రాకపోకలు సాగిస్తున్నారా అని. సాగిస్తుంటే అది ప్రజలకు ఉద్దేశించిందేనని చట్టమే ఊహించుకుంటుంది, కాదని రుజువు చేయాల్సింది అడ్డుచెప్పేవాడు. రాకపోకలున్నంత కాలం మునిసిపాలిటీ దాన్ని అమ్మలేదు. 2022 ఫిబ్రవరి 21 నాటి చట్టం ఇంకో అడుగు వేసింది. గ్రామ మునిసిపాలిటీ తన బాటలన్నీ లెక్క రాయాలని తీర్మానిస్తే, ఆ లెక్క పూర్తయ్యే దాకా ముప్పై ఏళ్ల అనుభవం గడియారం ఆగుతుంది. లెక్క రాయడం తప్పనిసరి చేయలేదు, అది ఈ చట్టంలో పెద్ద లోపం. తప్పనిసరి చేసి తీరాలి.

హైదరాబాదులో, మన ఇతర నగరాల్లో 200, 300, 400, 600 కిలోమీటర్ల సవారీలు పూర్తిచేసి పారిస్-బ్రెస్ట్-పారిస్‌కు అర్హత సంపాదించే తెలుగువాళ్లు ఉన్నారు. 1891 నాటి ఆ పందెమే ఇప్పుడు నాలుగేళ్లకోసారి, 90 గంటల గడువుతో, సామాన్యుల సవారీగా నడుస్తోంది. తరవాతిది 2027 ఆగస్టులో. ఆ దారిలో మోర్తాన్య్ ఓ పెర్ష్ అనే ఊరు వస్తుంది. అక్కడినుంచి అలాన్సోన్ దాకా పాత రైలు మార్గం మీద చక్కటి బాట ఉంది, చుట్టూ పెర్ష్ కొండల పొద కంచెల బాటలు ఇంకా మిగిలి ఉన్నాయి. సవారీ అయ్యాక విమానం ఎక్కే ముందు రెండు రోజులు ఉంచుకుని, అద్దెకు లావు టైర్ల సైకిల్ తీసుకుని అటు వెళ్లండి. మీ చక్రాల జాడ కూడా ఆ బాట ప్రజలదేనని చెప్పే సాక్ష్యాల్లో ఒకటవుతుంది.